లాభానికి స్తోత్రం

ఆస్పత్రిలో ఆవిడ సిస్టరే, చర్చి సంఘంలోనూ సిస్టరే. అందుకని ఇంటా బయటా అందరూ సిస్టరమ్మ అనే పిలుస్తారు. బస్సు డ్రైవరైన ఆవిడ భర్త మాత్రం ఆవిడకి కోపం వచ్చినప్పుడే ఆ పేరు వాడతాడు. "చిత్తం, సిస్టరమ్మా" అని తలవంచి పక్కకి తప్పుకుంటాడు. పాపం, ఆయనకి ఆ అవసరం తరచుగానే పడుతుంటుంది.

ఆ సోమవారం సిస్టరమ్మ డ్యూటీ దిగి, యూనిఫాంల మూట చంకన పెట్టుకుని ఆడపడుచు లాండ్రీకి వెళ్ళింది. ఆడపడుచుని ఇంట్లో అందరూ చిట్టి అంటారు. మొగుడు పోయాక ఆ లాండ్రీ మీదే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటోంది. ఇరుకు కొట్టు. గుమ్మంలోకి రాగానే స్టీమ్ ప్రెస్ బుసబుసలు వినిపిస్తాయి, వేడి గాలి మొహానికి కొడుతుంది. ఆ రోజు బుసా లేదు, వేడీ లేదు. మిషను ఉండాల్సిన చోట నేల మీద నాలుగు తుప్పు మరకలు మాత్రం ఉన్నాయి. చిట్టి బల్ల మీద దుప్పటి పరుచుకుని, మామూలు ఇస్త్రీపెట్టెతో హోటలు వాళ్ళ దిండుగలీబులు ఒక్కొక్కటే రుద్దుతోంది.

"మిషనేదే?" అంది సిస్టరమ్మ.

"రిపేరుకి ఇచ్చాను వదినా."

"ఏనుగంత మిషన్ని రిపేరుకి మోసుకెళ్ళారా? మెకానిక్కే ఇక్కడికి వస్తాడు కదా ఎప్పుడూ!"

చిట్టికి అబద్ధం చెప్పడం చిన్నప్పటినుంచీ చేతకాదు. చెవులు ఎర్రబడతాయి. అవి ఎర్రబడ్డాయి. ఏదో చెప్పబోయేంతలో గుమ్మంలో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది.

"వందనాలమ్మా" అని సంఘంవాళ్ళలాగే పలకరిస్తూ ఒక నడివయసు మనిషి లోపలికొచ్చాడు. చొక్కా మడత నలగలేదు. చేతిలో తోలుసంచి. మాట పాలల్లో ముంచి తీసినట్టుంది. "ఈ వారం వాయిదా ఇంకా అందలేదమ్మా. మీరు మర్చిపోయే మనిషి కాదని మా ఆఫీసులో నేనే హామీ ఉన్నాను."

చిట్టి వదిన వైపు చూడకుండా అంది: "మిషను పట్టుకెళ్ళారుగా బాబూ, ఇంకా వాయిదా ఏంటి?"

"మిషను వేలానికెళ్ళిపోయిందమ్మా. వచ్చింది వడ్డీకీ జరిమానాకీ సరిపోయింది. అసలు అలాగే నిలబడి ఉంది."

సిస్టరమ్మ మూట బల్ల మీద పడేసింది. ఆవిడకి ఒళ్ళు మండితే ముందు గొంతు తగ్గుతుంది. వార్డులో కొత్తగా చేరిన నర్సులందరికీ ఆ సంగతి తెలుసు, ఈయనకి తెలియదు. "ఏమయ్యా, వందనాలంటూ వచ్చావు. విధవరాలి పనిముట్టు ఎత్తుకుపోయే నోటితో వందనాలెలా అంటావు నువ్వు?"

ఆయన నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు, అదే ఇంకా మండించింది. "అలా అనకండమ్మా. మాది అలాంటిలాంటి కంపెనీ కాదు. బ్రాందీ షాపుకి అప్పివ్వం. పేకాట క్లబ్బుకి ఇవ్వం. మా దగ్గర డబ్బు పెట్టినవి చాలామటుకు సంఘాలే. 'మంచి నిర్వాహకుడు' పథకం పేరు వినే ఉంటారు, ఆ డబ్బులో పెద్ద వాటా మా కంపెనీలోనే ఉంది. దేవుని బిడ్డల డబ్బమ్మా మేం తిప్పేది."

సిస్టరమ్మ ఆ పేరు వినడమే కాదు, ఆ పేరు కింద సంతకం కూడా పెట్టింది.

ఆ సంతకం సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. వాళ్ళ సంఘం పెద్దదేం కాదు. ఒకప్పటి ఫర్నిచరు షాపు మేడ మీద అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, గొంతు పట్టేసినట్టు మోగే మైకు. హాలు పక్కన చీపుర్లూ విరిగిన కుర్చీలూ పెట్టుకునే చిన్న గది ఉంది. ఆ గదిలో స్టూలు మీద మూత లేని బిస్కట్ల డబ్బా ఒకటి ఉండేది. ఆరాధన అయ్యాక అందరూ, పెద్దా చిన్నా, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ, ఒక్కొక్కరుగా ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాళ్ళు. పిడికిలి మూసుకుని లోపలికి వెళ్ళాలి, పిడికిలి మూసుకునే బయటికి రావాలి. ఎవరు వేశారో, ఎవరు తీసుకున్నారో, ఎంతో, ఎందుకో బయట ఉన్నవాళ్ళకి తెలియదు. తీసుకున్నవాళ్ళు వీలైనప్పుడు మళ్ళీ వేసేవాళ్ళు. వడ్డీ లేదు, అడిగేవాడు లేడు. ఎప్పుడైనా డబ్బా అడుగంటితే పాస్టరుగారు ప్రకటనల్లో "డబ్బా తేలికగా ఉంది" అని ఒక్క ముక్క అనేవారు. ఆ వారమే బరువెక్కేది.

అలాంటి డబ్బా మీద మేనేజరుగారి కన్ను పడింది. ఆయన బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు. చెడ్డమనిషి అనడానికి లేదు. సంపాదనలో పదో వంతు దేవుడికిచ్చే దశమభాగం తప్పరు, ఒక్క ఆదివారం మానరు. కానీ ఊరికే కూర్చున్న డబ్బుని చూస్తే ఆయనకి నిద్ర పట్టదు. డబ్బుని మట్టిలో పాతిపెట్టిన సోమరి పనివాడి బైబిలు కథ ఎత్తుకుని, బిస్కట్ల డబ్బా కూడా అలాంటి గొయ్యేనని హాలంతా దద్దరిల్లేలా చెప్పారు. విశ్వాసుల సొమ్ము విశ్వాసుల విలువల ప్రకారమే పెరగాలన్నారు. ఈ 'మంచి నిర్వాహకుడు' పథకం మద్యం మీద పెట్టదు, పొగాకు మీద పెట్టదు, జూదం మీద పెట్టదు, సినిమాల మీద అసలే పెట్టదు. అందరికీ బ్రహ్మాండంగా నచ్చింది. ఫలానా వాటి మీద పెట్టరని తెలుసుకున్నారు గానీ, దేని మీద పెడతారని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ప్రార్థన చేసి చేతులెత్తారు. పాస్టరుగారు, మేనేజరుగారు, సిస్టరమ్మ ధర్మకర్తలయ్యారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

ఇంజక్షను ఎక్కించే ముందు సీసా మీద పేరు రెండుసార్లు చదవకపోతే కొత్త నర్సుల్ని నిలబెట్టి కడిగేసే మనిషి, ఆ కాగితాలు ఒక్కసారైనా చదవకుండా సంతకం పెట్టింది. ముందు ప్రార్థన చేశారు కదా, ఇంకేం చదవాలనుకుంది.

వసూలు మనిషి మళ్ళీ వందనాలు చెప్పి, వచ్చేవారం వస్తానని వెళ్ళిపోయాడు. సిస్టరమ్మ కుర్చీ లాక్కుని ఆడపడుచు ఎదురుగా కూర్చుంది.

"ఎందుకు చేశావే అప్పు?"

"కొట్టు యజమాని అడ్వాన్సు పెంచాడు. కట్టకపోతే ఖాళీ చెయ్యమన్నాడు."

"మరి సంఘంలో అడగొచ్చుగా! ఇంత డబ్బు అక్కడ పెట్టుకుని బయట చెయ్యి చాచావా?"

చిట్టి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, మొదటిసారి వదిన మొహంలోకి చూసింది. "గది తాళం వేసేశారుగా వదినా. ఇప్పుడు అర్జీ రాయాలి. ఎందుకో రాయాలి. ఎప్పటికి తీరుస్తావో రాయాలి. రాసి ముగ్గురి ముందు కూర్చోవాలి. ఆ ముగ్గురిలో నువ్వొకదానివి. మా అన్నయ్య ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా, నా లెక్కలన్నీ నీకు తెలుసని గుర్తొస్తే నాకు ముద్ద దిగుతుందా?"

సిస్టరమ్మ నేల మీది తుప్పు మరకల వైపు చూసింది.

"నా పేరు గనక సంఘంలో బయట పెట్టావో, మళ్ళీ నీ గుమ్మం తొక్కను. ముందే చెప్తున్నా" అని చిట్టి ఇంకో గలీబు తీసుకుంది.

ఆ సాయంత్రమే సిస్టరమ్మ మేనేజరుగారింటికి వెళ్ళింది. ఆయన హాల్లో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, విషయమంతా ఓపిగ్గా విన్నారు. ఎవరికి జరిగిందన్నది ఆవిడ చెప్పలేదు. వాయిదాల కంపెనీలో మన డబ్బు ఉన్నమాట నిజమేనా అని అడిగింది.

"నిజమేనమ్మా. అన్నిటికంటే బాగా రాబడి వస్తున్నది అందులోనే" అన్నారాయన, అదేదో శుభవార్త అన్నట్టు.

"ఎవరి దగ్గర్నుంచి వస్తోందండీ రాబడి?"

"అప్పు తీసుకున్నవాళ్ళ దగ్గర్నుంచి. ఇష్టపడే తీసుకున్నారు కదా. మెడ మీద కత్తి పెట్టి ఎవరూ ఇవ్వలేదు."

"వడ్డీ ఎంతో తెలుసా మీకు?"

"అది వాళ్ళ వ్యాపారం సిస్టరమ్మా. మన నియమాలు మనం పాటించాం. మద్యం లేదు, పొగాకు లేదు, జూదం లేదు." ఆయన ఒక్కొక్క వేలూ మడిచి చూపించారు. "వీటిలో ఏది తప్పారో చూపించండి, రేపే వెనక్కి తీసేస్తాను. ఊరికే తీస్తే మాత్రం గడువు లోపల తీసినందుకు ఐదో వంతు కోసేసుకుంటారు. దేవుని సొమ్ములో ఐదో వంతు పోగొట్టడానికి నాకు మనసు ఒప్పదు."

"లేనివాడి గొంతు మీద కాలేసి వడ్డీ పిండటం మీ నియమాల్లో తప్పు కాదన్నమాట!"

"ఆవేశపడకండి. ఈ ఆదివారం మొదటి లాభం వస్తోంది. సంఘంలో స్తోత్ర ప్రార్థన పెట్టుకున్నాం. ధర్మకర్తల తరఫున మీరే చేస్తే బాగుంటుందని పాస్టరుగారితో అన్నాను కూడా."

ఆవిడ మంచినీళ్ళు ముట్టకుండా లేచి వచ్చేసింది. దారిపొడుగునా పళ్ళు కొరుక్కుంటూనే ఉంది. సిగరెట్టు ముక్క చూస్తే ముక్కు మూసుకునే మనుషులు! అప్పుల వాసన మాత్రం ఒక్కరి ముక్కుకీ తగల్లేదు. సారా కొట్టువాడి డబ్బు పాపిష్టిదట, ఇస్త్రీ చేసుకునేదాని నోటి దగ్గర ముద్ద లాక్కుంటే అది రాబడట! నియమాలు రాసినవాళ్ళకి తాగుడు లేదు, జూదం లేదు, అప్పు చేయాల్సిన గతీ లేదు. తమకి లేని పాపాలన్నీ ఏరి జాబితా కట్టుకుని, ఆ జాబితాకి విలువలని పేరు పెట్టుకున్నారు.

ఇంట్లో భర్తకి చెప్పేటప్పటికి ఆవిడ గొంతు గుసగుసలోకి దిగిపోయింది. ఆయన చిత్తం అనలేదు. చెల్లెలి మిషను పోయిందని విని కాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు. "పోనీ మనమే ఆ బాకీ కట్టేద్దామా?" అన్నాడు చివరికి.

"చిట్టిది కడతాం. మిగతావాళ్ళది? వాడి తోలుసంచి ఎంత లావుందో చూశాను నేను. మన సంఘం డబ్బుతో ఇంకా ఎంతమంది మిషన్లు పోతున్నాయో!"

"మరి ఏం చేస్తావు?"

"డబ్బు వెనక్కి తెప్పిస్తాను. ముగ్గురి సంతకాలూ కావాలి. నాదొకటి ఉంది."

వారమంతా ఆవిడ పాస్టరుగారి చుట్టూ తిరిగింది. ఆయన మెత్తని మనిషి. ఎవరు చివరగా మాట్లాడితే వాళ్ళ మాట నిజమనిపిస్తుంది ఆయనకి. "మీరన్నదీ నిజమే, ఐదో వంతంటే మాటలా అన్నదీ నిజమే. ప్రార్థన చేద్దాం" అన్నారు. ఆస్పత్రిలో రక్తం కారుతున్న మనిషి ముందు నిలబడి ఇలా అంటే ఏమయ్యేదో ఆవిడ ఆయన మొహం మీదే అడిగింది. ఆయన కళ్ళు దించుకున్నారు.

ఆదివారం హాలు నిండింది. ఆరాధన ముగిశాక మేనేజరుగారు వేదిక మీద బల్లకి తెల్లటి గుడ్డ పరిపించి, దాని మీద లాభం ఉన్న కవరు పెట్టారు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. సిస్టరమ్మని స్తోత్రం చెల్లించమని పిలిచారు.

ఆవిడ మైకు పుచ్చుకుంది. "నేను చెల్లించను" అంది.

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"ఈ కవరులో ఉన్నది ఎక్కడిదో ముందు తెలుసుకోండి. మన డబ్బు తీసుకెళ్ళి వాయిదాల కంపెనీ చేతిలో పెట్టాం. వాళ్ళు దాన్ని లేనివాళ్ళకి అప్పిచ్చి, తీర్చలేకపోతే ఇళ్ళ మీద పడి పనిముట్లు ఎత్తుకెళ్తున్నారు. మనవాళ్ళవి కూడా! ఈ హాల్లో కూర్చున్నవాళ్ళవి! ఇదివరకు ఆ గదిలోంచి ఊరికే తీసుకున్న డబ్బునే ఇప్పుడు బయటికెళ్ళి వడ్డీకి తెచ్చుకుంటున్నారు. ఆ వడ్డీనే ఇక్కడ తెల్లగుడ్డ మీద పెట్టుకుని దేవుడికి చూపిస్తున్నాం. సిగ్గుండాలి మనకి! నాకు ముందు ఉండాలి, చదవకుండా సంతకం పెట్టినదాన్ని!"

మేనేజరుగారు నెమ్మదిగా లేచారు. "సిస్టరమ్మగారు మంచి మనసుతోనే మాట్లాడుతున్నారు. కానీ గాల్లో మాటలు వద్దు. మనవాళ్ళలో ఎవరికి జరిగింది? ఒక్క పేరు చెప్పండి. అలాంటివాళ్ళు ఉంటే ఈ లాభంలోంచే సాయం చేద్దాం. వేదిక మీదికి పిలిచి అందరి సమక్షంలో అందిద్దాం."

మొదట నోటి దగ్గరది లాక్కోవడం, తర్వాత అందులోంచే చెంచాతో పెట్టి దండం పెట్టించుకోవడం! సిస్టరమ్మకి చేతిలో మైకు విసిరికొట్టాలనిపించింది. పేరు నాలుక చివర ఉంది. అదొక్కటి చెబితే హాలంతా ఇటు తిరుగుతుంది. మూడో వరసలో చిట్టి తలవంచుకుని కూర్చుంది, చెవులు రెండూ కందిపోయి ఉన్నాయి. సిస్టరమ్మ పెదవి కొరుక్కుంది. "పేరు చెప్పను" అంది.

"చూశారా" అన్నారు మేనేజరుగారు హాలు వైపు తిరిగి, బాధగా నవ్వుతూ. "పేరు లేదు, ఊరు లేదు. ఎవరో ఏదో అన్నారని దేవుని సొమ్ములో ఐదో వంతు నీళ్ళపాలు చేద్దామా? సరే, స్తోత్రం నేనే చెల్లిస్తాను. కళ్ళు మూసుకుందాం."

"మూసుకోకండి" అంది చిట్టి.

ఆమె లేచి నిలబడింది. ఎప్పుడూ ఆరాధనలో లేచి, దేవుడు తనకి చేసిన మేలు గురించి సాక్ష్యం కూడా చెప్పని మనిషి. రెండు చేతులతో ముందు కుర్చీ వీపు పట్టుకుంది. "ఈ కవరులో నాది ఉందండీ. నేను కట్టిన వడ్డీ ఉంది, నా స్టీమ్ ప్రెస్ వేలం డబ్బు ఉంది. అది తీసి పక్కన పెట్టండి. మిగతాదానికి స్తోత్రం చెప్పుకోండి, నేనూ ఆమేనంటాను."

మేనేజరుగారు తడబడ్డారు. "అమ్మా, అలా ఎంతని విడదీస్తాం? అంతా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి..."

"ఇంకో సంగతి కూడా వినండి. మా ఆయన చనిపోయిన ఏడాది నేను ఆ ప్రెస్ కొన్నది గదిలో డబ్బాతోనే. మూడు ఆదివారాలు వెళ్ళి పిడికిలి నిండా తెచ్చుకున్నాను. ఇంట్లో గిన్నె ఒక్కటీ అమ్మకుండా బతికానంటే దాని వల్లే. తర్వాత కొంచెం కొంచెంగా మొత్తం వేసేశాను. ఎవరూ నన్ను అడగలేదు. మా వదినక్కూడా తెలీదు. మీరిచ్చిన డబ్బుతో కొనుక్కున్న మిషన్ని మీ డబ్బే వచ్చి ఎత్తుకుపోయింది. ఇప్పుడు వేదిక ఎక్కి నేనేం పుచ్చుకోవాలండీ మీ దగ్గర?"

ఆమె కూర్చుంది. సిస్టరమ్మ మైకు పట్టుకున్న చెయ్యి కిందికి జారింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. వెనక వరసల్లో ఒక వడ్రంగి గొంతు సవరించుకుని, తన రంపం మిషను కూడా అలాగే పోయిందన్నాడు. అతని భార్య అతని మోచెయ్యి లాగింది. కానీ అప్పటికే అనేశాడు.

సిస్టరమ్మ వారం నుంచీ సంచిలో మోస్తున్న వాపసు కాగితం తీసి బల్ల మీద పెట్టగానే, పాస్టరుగారు ముందు దాన్ని పై నుంచి కింది దాకా చదివారు. తర్వాత సంతకం పెట్టారు. సిస్టరమ్మ పెట్టింది. ఇద్దరూ మేనేజరుగారి వైపు చూశారు.

ఆయన మొహం పాలిపోయి ఉంది. "పెడతాను. పెట్టకపోతే ఇక్కడ తల ఎత్తుకోలేను. కానీ ఐదో వంతు పోతుంది. నలుగురూ కడుపు కట్టుకుని వేసిన డబ్బు. ఆ నష్టం ఎవరి మీద రాయమంటారు?"

"మన ముగ్గురి మీద" అంది సిస్టరమ్మ. "సంతకాలు పెట్టింది మనం. మూడు వాటాలు వేసుకుని మన చేతి డబ్బు కడదాం. సంఘానికి పైసా తగ్గకూడదు. ఆ కవరు మాత్రం ఎవరి మిషను పోయిందో వాళ్ళకి చేరాలి, ఇంటికెళ్ళి మరీ ఇవ్వాలి. క్షమించమని అడిగి ఇవ్వాలి."

అనేశాక గానీ ఆవిడకి గుర్తు రాలేదు, ఇంట్లో ఉన్న దాచుకున్న సొమ్ము తనొక్కదానిదే కాదని. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ భర్త వైపు చూసింది. ఆయన దగ్గి, అందరికీ వినపడేలా అన్నాడు: "రాసేసుకోండి సార్. మా ఆవిడ కోపం ఇంత చవగ్గా ఎప్పుడూ తీరలేదు."

ఎవరో ఫక్కుమన్నారు. హాలంతా ఊపిరి వదిలింది. మేనేజరుగారు మాత్రం నవ్వలేదు. కలం తీసుకుని తన వాటా ఎంతవుతుందో కాగితం అంచున లెక్క వేసుకున్నారు. వేసుకుని, ఆ అంకె వంక చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. "ఇంత పోతుందా!" అన్నారు నోట్లోనే.

పక్కనే ఉన్న సిస్టరమ్మకి వినపడింది. "చిట్టి మిషను ఖరీదులో అది సగం కూడా లేదండీ" అంది. "సంతకం పెట్టండి."